ఉన్నదొక్కటే మాట

కిందటి వారం రమ్యను మనం గుమ్మం దగ్గర, చేతిలో ఫోనుతో విడిచిపెట్టాం. కోహీర్ నుంచి వచ్చిన, పిల్లకు మాట నేర్పే సహస్ర మేడం చెప్పులు తొడుక్కుంటూ మెల్లగా రెండు మాటలు అని, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయింది. "ఆ రోజు నువ్వు పంపిన వాయిస్ మెసేజి నేను తీసెయ్యలే అక్కా. ఇంట్ల చెప్తవో చెప్పవో నీ ఇష్టం. కానీ ఆ పిల్లను పంపే ముందు ఒక్కసారి ఆలోచించు." ఆ మెసేజిలో ఏముందో మనకు ఇంకా తెలియదు. రమ్యకు తెలుసు. పదమూడు రోజులుగా తెలుసు.

జహీరాబాద్‌లో, హైవే మీద లారీల మోత పగలంతా వినబడే ఒక కాలనీలో వాళ్ల ఇల్లు. జగదీశ్ ట్రాక్టర్ల కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. రమ్య ఇంట్లోనే మిషను కుడుతుంది. వాళ్లకు ఒక్కతే బిడ్డ, దీక్షిత. ఆరేళ్లు నిండినా అమ్మా అని పిలవలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. ఆటిజం అని మూడేళ్ల కిందట హైదరాబాద్ డాక్టరు చెప్పినప్పుడు, ఆ మాటను ఇంట్లో అందరికంటే గట్టిగా కొట్టిపారేసింది జగదీశ్ తల్లి బస్వమ్మ. ఇప్పుడు ఆ బస్వమ్మే పక్షవాతంతో మంచం మీద ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి రెండు రోజులైంది. సోమవారం పొద్దున హైదరాబాద్ అవతల, ఇలాంటి పిల్లలను ఉంచుకునే హాస్టలు వాళ్ల బండి వచ్చి దీక్షితను తీసుకుపోతుందని జగదీశ్ ఖరారు చేశాడు.

ఇది ఆదివారం.

పొద్దున పదకొండు దాటింది. రమ్య వంటింట్లో అత్తకు రాగిజావ కాస్తోంది. వెనక గదిలోంచి జగదీశ్ పిలిచాడు. గొంతు పెద్దది కాదు, కానీ ఆ పిలుపులో ఏదో ఉందని రమ్య స్టవ్ ఆపేసి పోయింది.

దీక్షిత మంచం పక్కన నిలబడి ఉంది. చేతిలో పాత నేత చీర కొంగు, దాని రెండో కొస కిటికీ ఊచకు కట్టి ఉంది. ఆ కొంగును బస్వమ్మ కుడి అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, తను చీర మధ్యలో కూర్చుంటోంది. ముడిచిన వేళ్లు తెరుచుకుంటున్నాయి. కొంగు జారి కింద పడుతోంది. దీక్షిత లేచి, కొంగు తీసి, మళ్లీ ఆ అరచేతిలో పెడుతోంది. మధ్యమధ్య ఆ అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. ముప్పై ఏళ్లు అల్లం చేలల్లో తవ్వి, కడిగి, ఏరిన చెయ్యి అది. ఎన్ని సబ్బులు పెట్టినా అల్లం వాసన పోయేది కాదు. ఇప్పుడు దవాఖాన మందు వాసన వస్తోంది. దీక్షిత మొహం చిట్లించి చెయ్యి వదిలేస్తుంది, మరుక్షణం మళ్లీ పట్టుకుంటుంది.

బస్వమ్మ కళ్లు మూసుకుని ఉంది. నిద్రో, మెలకువో తెలియడం లేదు.

ఎంతసేపటి నుంచి చేస్తోందని రమ్య అడిగింది. పావుగంట నుంచి చూస్తున్నానని జగదీశ్ అన్నాడు. అతను గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, పదమూడు రోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. మూడేళ్ల వయసులో తండ్రి పోతే, మొగుడంపల్లి చేలల్లో కూలికి పోయి తల్లి పెంచింది అతన్ని. ఆ సంగతి రమ్య ఏనాడూ మర్చిపోలేదు. అందుకే అతను ఏమన్నా ఇన్నాళ్లూ నోరెత్తలేదు.

ఆ చీర ఆట సంగతి చెప్పాలి.

సహస్ర మేడం రాకముందు దీక్షితను ఒక క్లాసుకు తీసుకుపోయేవాళ్లు. అక్కడ కుర్చీలో బిగించి కూర్చోబెట్టి, బొమ్మల కార్డులు మొహం ముందు ఆడిస్తూ ఆపిల్ అను, బాల్ అను అనేవాళ్లు. పిల్ల కేకలు పెట్టి, చేతులు కొరుక్కుని, చివరికి ఆ వీధి మలుపు కనబడితేనే వణికిపోయేది. పోయిన ఏడాది వర్షాకాలంలో సహస్ర మేడం మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఒక్క కార్డు కూడా తేలేదు. గంటసేపు నేల మీద కూర్చుని ఊరికే చూసింది. దీక్షిత బస్వమ్మ పాత చీరలో చుట్టుకుని దొర్లుతోంది. "దానికి ఏది ఇష్టమో అదే మన బడి" అన్నది మేడం. చీరను రెండు కొసలా ఇద్దరు పట్టుకుని పిల్లను అందులో కూర్చోబెట్టి ఊపమంది. నాలుగైదు ఊపులు ఊపి, పిల్ల మంచి సంబరంలో ఉన్నప్పుడు ఆపమంది. చెప్పు చెప్పు అని అడగొద్దు, ఊరికే నవ్వు మొహంతో ఎదురు చూడాలి. పిల్ల కన్నెత్తి చూసినా, చెయ్యి కదిపినా, ఊ అన్నా అదే మాట అనుకుని వెంటనే ఊపాలి. తను ఏదో చేస్తే ఎదుటి మనిషి కదులుతాడన్న సంగతి ముందు ఆ పిల్లకు తెలియాలి, మాట ఆ తర్వాత దానంతటదే వస్తుందన్నది.

బస్వమ్మ నవ్వింది. మేం పిల్లలను ఊపలేదా, దీనికి మేడం కావాలా అన్నది. మూడు రోజులకు ఆ ఆట ఆమెదే అయిపోయింది. రమ్య మిషను దగ్గర ఉంటే రెండో కొస పట్టుకునేవాళ్లు లేక, ఆ కొసను కిటికీ ఊచకు కట్టేసి, ఒక్కతే నేలకు జానెడు ఎత్తున పిల్లను ఊపేది. కింద పరుపు వేసేది. ఊపు, ఊపు, ఊపు అని పాటలా అని, ఉన్నట్టుండి ఆపి, బోసినోరు తెరిచి పిల్ల మొహంలోకి చూసేది. ఎంత ఆలస్యమైనా తొందరపడేది కాదు. కలుపు తీసే మనిషికి ఎండ ఎంతసేపుంటే ఏమన్నట్టు కూర్చునేది. మొదట పిల్ల కాళ్లు ఆడించింది. కొన్నాళ్లకు నానమ్మ కళ్లలోకి చూసింది. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, దీక్షిత నానమ్మ గదువ పట్టుకుని తన వైపు తిప్పుకుని, "మల్ల" అన్నది. మళ్లీ ఊపమని.

ఆ రోజు బస్వమ్మ గల్లీ అంతా తిరిగి బెల్లం పంచింది. రమ్య మిషను మీద తలపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషం ఎంతో, బిడ్డ మొదటి మాట తనకు కాక అత్తకు దక్కిందన్న బాధ ఎంతో ఆమె ఎవరికీ చెప్పలేదు.

కొంగు మరోసారి జారింది.

"చూసినవా" అన్నాడు జగదీశ్. "అమ్మ చెయ్యి పడిపోయిందని దానికి సమజ్ అయితలేదు. ఊగుడు గావాలె, అంతే. అమ్మ దానికి మనిషి గాదు రమ్యా. కిటికీ ఊచ ఎట్లనో, అమ్మ గూడ అట్లనే."

గట్ల అనొద్దని రమ్య బతిమాలింది. పిల్ల నానమ్మ కోసమే చూస్తోందని, ఆమెను లేపడం దానికి అట్లనే తెలుసని చెప్పబోయింది. జగదీశ్ వినలేదు. లేచి వచ్చి పిల్ల చేతిలోంచి కొంగు లాక్కుని మూలకు విసిరాడు. దీక్షిత అరవలేదు. చీర పడిన మూలకు పోయి, చీర పక్కనే గోడ వైపు తిరిగి కూర్చుంది.

అప్పుడన్నాడు అతను, ఇన్నాళ్లూ మనసులో నలుగుతున్న మాట. గొంతు పెంచలేదు. అదే రమ్యను ఎక్కువ కోసింది.

"ఆ దినం గూడ గిట్లనే కూసొని ఉంటది. మా అమ్మ కిందపడి కొట్టుకుంటుంటె పక్కన కూసొని సూసి ఉంటది. ఒక్క కేక పెట్టలే. ఇంట్ల కుక్కపిల్ల ఉన్నా మొరిగేది. నేను దాన్ని సూసినప్పుడల్ల అదే యాదికొస్తున్నది. నాతోని గాదు రమ్యా. రేపు పోనీ దాన్ని."

రమ్య మంచం కోడు పట్టుకుని నిలబడింది. చెప్పకపోతే రేపు పొద్దున బండి వస్తుంది. బిడ్డను ఆ బండిలో కూర్చోబెట్టి, నానమ్మను చావుకు వదిలేసిన పిల్ల అన్న పేరు కూడా దానితోపాటు ఎక్కించాలి. ఆ పేరు దీక్షితకు ఎన్నటికీ తెలియదు, కాదని ఎన్నటికీ చెప్పుకోలేదు. చెప్తే ఏమవుతుందో రమ్యకు పదమూడు రోజులుగా తెలుసు. తెలిసే, డాక్టరు అడిగినప్పుడు కూడా అబద్ధమాడింది. ఎప్పుడు పడిపోయిందని అడిగితే, పగటిపూట పడుకుంది, లేపుదామని పోతే కింద పడి ఉంది, ఎప్పుడయిందో తెలియదని చెప్పింది.

"అది పిలిచింది" అన్నది.

జగదీశ్ తల తిప్పాడు.

"ఊకె కూసోలే. నా దగ్గరికొచ్చి పిలిచింది. మూడుసార్లు పిలిచింది. నేనే పోలే."

అతనికి అర్థం కాలేదు. ఏం మాట్లాడుతున్నావు అన్నట్టు చూశాడు. రమ్య కొంగుతో చేతులు తుడుచుకుని ఫోను తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి మెసేజి మొదలైంది.

మిషను చప్పుడు. ఆ చప్పుడు ఆగి, రమ్య గొంతు. ఆ గొంతులో నవ్వు, పరుగెత్తి వచ్చిన మనిషికి ఉన్నంత ఆయాసం. "మేడం, ఇగో వినుండ్రి. ఎవ్వరు అడగకుంటనే అంటున్నది. అత్తమ్మను ఇడిచిపెట్టి నా దగ్గరికొచ్చింది మేడం ఇయ్యాల. నా చెయ్యి పట్టి గుంజుతున్నది. చెప్పు దీక్షీ, మేడంకు చెప్పు, ఇంకోసారి చెప్పు." దాని వెనక చిన్న గొంతు. "మల్ల." కొంచెం ఆగి, "మల్ల. మల్ల." చివరిది మాటలా లేదు. కేకలా ఉంది. దాని మీద రమ్య నవ్వు.

మెసేజి అయిపోయింది. హైవే మీద ఏదో లారీ గేరు మార్చింది.

రమ్య ఇంక ఆగకుండా చెప్పింది. ఆగితే చెప్పలేనని ఆమెకు తెలుసు. ఆ సోమవారం బడి పిల్లల యూనిఫారాలు సాయంత్రంలోపు ఇవ్వాలి. ముందు గదిలో మిషను మీద వంగి ఉంది. వెనక గదిలో ఊపు ఊపు అన్న అత్త గొంతు వినబడుతూ వినబడుతూ ఆగిపోయింది. ఆపి ఎదురు చూస్తున్నదేమో అనుకుంది. కాసేపటికి దీక్షిత ఉరికొచ్చింది. మాట అన్నది. ఆరేళ్లకు మొదటిసారి బిడ్డ తనంతట తాను తల్లి దగ్గరికి వచ్చి మాట అన్నది. ఆ సంతోషంలో రమ్యకు ఇంకేమీ తోచలేదు. ఫోను తీసి మేడంకు పంపింది. ఒక్క కాలరు మిగిలింది, కుట్టేసి వస్త బిడ్డా అన్నది. పిల్ల పోయి, చీర కొంగు ఈడ్చుకుంటూ మళ్లీ వచ్చింది. కొంగు తెచ్చి సూది కింద పెట్టింది. బట్ట పాడవుతుందని రమ్య కసిరింది. మూడోసారి వచ్చి చెయ్యి పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. గుడ్డ అడ్డంగా కుట్టేసుకుపోయింది. రమ్య లేచింది. లేచి, పిల్లను రెక్క పట్టుకుని పక్క గదిలో పెట్టి గొళ్లెం వేసింది.

"తలుపు కొట్టుకుంట అన్నది. శానసేపు అన్నది. నేను మిషను తొక్కిన." రమ్య మూలలోని బిడ్డ వైపు చూసింది. "దానికి ఉన్నదొక్కటే మాట. ఆట ఆగిపోయిందంటె మొదలు పెట్టు అననీకి అత్తమ్మ నేర్పిన మాట. అత్తమ్మ ఆగిపోయింది. దానికి వచ్చిన మాటతోనే నన్ను పిలిచింది. నిన్న సహస్ర మేడం చెప్పేదాంక నాకు గూడ పూరా సమజ్ కాలే. సమజ్ కాలే అన్నది గూడ అబద్ధమే. నాలుగు గొట్టంగ వెనక గదిలకు పోయి అత్తమ్మను సూసినప్పుడే సమజ్ అయింది. చెప్పనీకి భయపడ్డ."

జగదీశ్ చెయ్యి చాపాడు. ఆమె ఫోను ఇచ్చింది. అతను మెసేజిని మళ్లీ వినలేదు. దాని కింద ఉన్న టైము చూశాడు. పన్నెండు నలభై రెండు. ఆ టైముకు తను కంపెనీ క్యాంటీన్లో ఉన్నాడు. హైదరాబాద్ దవాఖానలో డాక్టరు తనను పక్కకు పిలిచి చెప్పిన మాట అతను రోజుకు ఎన్నిసార్లు తలుచుకున్నాడో రమ్యకు తెలుసు. నెత్తురు గడ్డను కరిగించే సూది ఒకటి ఉంటుందని, మొదటి నాలుగున్నర గంటల్లో అయితేనే ఇవ్వగలమని, ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే చెయ్యి, మాట దక్కేవేమోనని. డాక్టరు చెప్పిన ఆ మాటను జగదీశ్ ఇన్నాళ్లూ తలరాత మీద, దూరం మీద, ఆరేళ్ల పిల్ల మీద వేసి మోశాడు. ఇప్పుడు ఎక్కడ వెయ్యాలో తెలిసింది.

కొడతాడనుకుంది రమ్య. కొడితే బాగుండుననుకుంది. అతను మూలకు పోయి, గోడ వైపు తిరిగి కూర్చున్న కూతురి వెనక గొంతుక్కూర్చున్నాడు. ముట్టుకోబోయి, ముట్టుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తండ్రి ఎట్లా ముట్టుకుంటే ఆ పిల్ల ఓర్చుకుంటుందో అతనికి తెలియదు. ఆరేళ్లలో తెలుసుకోలేదు.

"నిన్ను కుక్కపిల్ల కన్న తక్కువ జేసిన బిడ్డా" అన్నాడు ఆ వీపుతో. అంతే అన్నాడు. భుజాలు కదిలాయి. రమ్య మొహం తిప్పుకుంది.

తర్వాత లేచి తన ఫోను తీశాడు. మొదట హాస్టలుకు చేశాడు. మా పాప రాదు సార్, బండి పంపొద్దు అని రెండు మాటల్లో ముగించాడు. రమ్య మంచం అంచున కూర్చుండిపోయింది. బిడ్డ దక్కింది. ఆ ఒక్క నిమిషం ఆమెకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

రెండో ఫోను మొగుడంపల్లికి. రమ్య తండ్రి రేవణసిద్ధప్పకు.

"మామా, నమస్తె. అంత మంచిదే. ఇయ్యాల జర తీరిక చేస్కొని రాండ్రి. మీ బిడ్డను తోలుకపోండ్రి." అవతల ఏదో అడిగారు. "కొట్టుకోలే మామా. తిట్టుకోలే. ఆమెను సూస్కుంట ఈ ఇంట్ల నేను ఉండలేను. అంతే. ఇయ్యాల్నే రాండ్రి."

ఫోను పెట్టేశాక రమ్య అడిగింది, దీక్షి అని.

"దీక్షి ఏడికి పోదు" అన్నాడు. "నువ్వు పో."

ఏడవాలనుకున్నా రాలేదు. కాళ్ల మీద పడాలని కూడా తోచలేదు. పదమూడు రోజులుగా ఎదురు చూసిన తీర్పు చివరికి వచ్చినట్టుంది. మూలలో బిడ్డ వీపు కనబడుతోంది. ఆ వీపును చూస్తూ ఒక్క మాట అడిగింది. "దానితోని ఎవరు ఆడుతరు?"

జగదీశ్ తల్లి మంచం వైపు చూశాడు. కిటికీ ఊచకు ఇంకా అట్లాగే ఉన్న చీర ముడి వైపు చూశాడు.

"నేర్సుకుంట" అన్నాడు.

రమ్య లోపలికి పోయి సంచిలో నాలుగు చీరలు పెట్టుకుంది. దీక్షిత పొద్దున ఏ గిన్నెలో పెడితే తింటుందో, ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటుందో, స్నానానికి నీళ్లు ఎంత వేడిగా ఉండాలో ఒక కాగితం మీద రాయాలని కూర్చుంది. రెండు వరుసలు రాసింది. ఆరేళ్లు కాగితం మీద పట్టదని తెలిసి మడిచి పక్కన పెట్టింది. వంటింట్లో జావ చల్లారిపోయింది. మళ్లీ వెచ్చబెట్టి, గ్లాసులో పోసుకుని, పోయే ముందు అత్తకు తాగించి పోదామని వెనక గదిలోకి వచ్చింది.

బస్వమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. కంటి కొసల్లోంచి నీళ్లు కారి చెవుల్లోకి దిగి, తలగడ తడిసి ఉంది. ఆ తడి ఇప్పటిది కాదు. రమ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది. అత్త మొదటి నుంచి అంతా విన్నది. కిందపడి, మాట రాక, తలుపు అవతల మనుమరాలి కేకలు, ఇవతల కోడలి మిషను చప్పుడు వింటూ మూడు గంటలు పడి ఉన్న మనిషి. ఆమె ఆనాడే విన్నది. అందరికంటే ముందు ఆమెకే తెలుసు.

"అత్తమ్మా" అన్నది రమ్య.

బస్వమ్మ ఎడమ చెయ్యి దుప్పటి కింద నుంచి వచ్చి రమ్య మణికట్టు పట్టుకుంది. జావ ఒలికి మంచం మీద పడింది. గోళ్లు చర్మంలో దిగేంత పట్టు. కోపంతో పట్టిందో, పోవద్దని పట్టిందో ఆ వంకరపోయిన మొహం చూస్తే తెలియడం లేదు. రమ్య విడిపించుకోలేదు. బయట ఆటో వచ్చి ఆగింది. బిడ్డా అని రేవణసిద్ధప్ప గొంతు వాకిట్లోంచి వినబడింది. జగదీశ్ గదిలోకి వచ్చి, ఆ చేతులు చూసి ఒక్క క్షణం నిలబడిపోయాడు.

"అమ్మా, ఇడువు. పోనీ ఆమెను."

బస్వమ్మ వదల్లేదు. తల కొంచెం కొంచెంగా కొడుకు వైపు తిప్పింది. ఒక పక్కకు లాక్కుపోయిన పెదవులు కదిలాయి, గొంతు నరాలు బిగిశాయి. డాక్టర్లు ఇక మాట రాదన్న గొంతులోంచి, కొడుకు కళ్లలోకి సూటిగా చూస్తూ, ఆమె ఏదో చెప్పడం మొదలుపెట్టింది.